రెండో వంటిల్లు

మా ఇంట్లో వంటిళ్లు రెండు. ఒకటి నాది. అందులో గ్యాసు పొయ్యీ, పోపులపెట్టె, పప్పుల డబ్బాలూ, నేనూ ఉంటాం. రెండోది మా శ్రీవారిది. అది వాకిట్లో వేపచెట్టు నీడన, మారుతి కారు బానెట్టు కింద ఉంటుంది. నా వంటింట్లో ఉప్పు డబ్బా ఏ మూల ఉందో ఆయనకు తెలియదు. ఆయన వంటింట్లో ఏ మూల ఏముందో నాకు తెలియదు. పాతికేళ్లుగా ఎవరి మసి వాళ్లం తుడుచుకుంటూ సుఖంగానే ఉన్నాం.

ఆ కారు 1998 డిసెంబరులో మా ఇంటికొచ్చింది. అప్పటికి మా వారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి, నా గాజులు రెండు బ్యాంకులో పెట్టి కొన్నారు. గాజులు పెట్టినందుకే కాబోలు, కారు నా పేరున రిజిస్టరు చేయించారు. పైకి మాత్రం, "నీ జాతకం బాగుందటలే" అని జ్యోతిషం మీదికి తోసేశారు. అలా నేనొక కారుకు యజమానురాలినయ్యాను. నడపడం రాదు, బానెట్టు ఎత్తడం రాదు, ముందు సీట్లో కూచుని "కాస్త మెల్లగా పోనివ్వండి" అనడం ఒక్కటే వచ్చు.

కొన్న మూడోనాడు కాణిపాకం తీసుకెళ్లాం. మా వైపు కొత్త బండి కొన్నవాళ్లు ముందు ఆ వినాయకుడికి చూపించి తీరాల్సిందే. పూజారిగారు బానెట్టు మీద బొట్లు పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. మా వారికి అది చాల్లేదు. బానెట్టు ఎత్తి పట్టుకుని, "స్వామీ, అసలు బండి ఇక్కడుంది. ఇక్కడ పెట్టండి" అన్నారు. పూజారిగారు నవ్వి, లోపలి రేకు మీద కూడా ఇంత కుంకుమ అద్దారు. వెనకాల వరసలో ఉన్నవాళ్లంతా మమ్మల్ని చూసి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆనాటి నుంచీ నెలకొక ఆదివారం ఆయనది ఆ వంటింట్లోనే. పలమనేరంటే బెంగుళూరు, మద్రాసు రోడ్డు మీద ఊరు. మొగిలి ఘాటు ఎక్కి వేడెక్కిన లారీలు మా ఊళ్లో ఆగి నీళ్లు తాగి పోతుంటాయి. వాటి దుమ్మంతా మా వాకిట్లోకే. పైనున్న దుమ్ము తుడుస్తాం సరే, లోపలి దుమ్ము ఎవరికి కనిపిస్తుందండీ, ఎందుకీ శ్రమ అంటే, ఆయన మాస్టారి గొంతుతో పాఠం చెప్పేవారు. దుమ్మూ ఆయిలూ కలిసి ఇంజను మీద అట్టలా పేరుకుంటాయట. ఆ అట్ట కింద ఎక్కడ ఏది కారుతోందో కనిపించదట. శుభ్రంగా ఉన్న ఇంజను మీద ఒక్క చుక్క ఆయిలు జారినా తెల్లచీర మీద కూర మరకలా కనిపిస్తుందట. "మురికి ఇంజను జబ్బు దాచుకుంటుంది, నీలాగే" అనేవారు. ఆ చివరి మాట నా మోకాళ్ల నొప్పుల్ని ఉద్దేశించి.

ఆ రోజుల్లో నా ఇంట్లోంచి మాయమైనవాటి జాబితా రాస్తే ఈ పేజీ చాలదు. పాత టూత్ బ్రష్షులు సరే. పాతవి కానివి కూడా పోయేవి. రేషను కిరసనాయిలు స్టవ్వులోకి ఉండేది కాదు, కారులోకి ఉండేది. నా వాయిలు చీరె ఒకటి కట్టుకుందామని వెతికితే, నాలుగు ముక్కలై కారు డిక్కీలో దొరికింది. "మెత్తగా ఉంటే గీతలు పడవు" అన్నారు. ఆయన చేతిలో ఆ కారుకు జరిగిన సింగారం నాకు పెళ్లినాడు కూడా జరగలేదని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు.

అంత చేసినా ఒకసారి పరువు పోయింది. 2006లో బంగారుపాళెం దగ్గర చుట్టాల పెళ్లికి వెళ్లి వస్తున్నాం. వాన పడి బండి నిండా బురద. మా తమ్ముడు, "బావా, ఇక్కడ ప్రెషరు గొట్టంతో కొట్టి అర్ధగంటలో కడిగేస్తారు" అని బలవంతం చేసి రోడ్డు పక్కన ఒకచోట ఆపించాడు. ఆ కుర్రాడు పైనంతా కొట్టి ఊరుకున్నాడా, బానెట్టు ఎత్తి ఇంజను మీద కూడా ఏనుగు తొండంతో కొట్టినట్టు కొట్టాడు. మా వారు టీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది. ఇంజను తళతళా మెరుస్తోంది. ఘాటు ఎక్కడం మొదలుపెట్టాక దగ్గడం మొదలుపెట్టింది. సగం ఎక్కి ఆగిపోయింది.

రాత్రి తొమ్మిదిన్నర. ఆ చుట్టుపక్కల అడవుల్లో ఏనుగులున్న మాట నిజం. ఇప్పుడు తొండం అన్నాను గానీ అప్పుడా మాట అనే ధైర్యం నాకు లేదు. మా వారు టార్చి లైటు నోట్లో పట్టుకుని, గోధుమరంగు మూత ఒకటి ఊడదీశారు. "డిస్ట్రిబ్యూటరు. ఇందులోకి నీళ్లు పోయాయి. మెరుపు ప్లగ్గుకు పోకుండా తడి వెంట పక్కదారి పడుతోంది. పొడిబట్ట ఇవ్వు" అన్నారు. పొడిబట్ట ఎక్కడుంది? వాయిలు చీరె ముక్కలన్నీ ఆ కుర్రాడు బండి తుడిచి తడిపేశాడు. మా వారు నా వైపు చూశారు. నేను కట్టుకున్నది ధర్మవరం పట్టుచీరె.

"చెంగు చాలు. నువ్వు అక్కడే నిలబడు" అన్నారు.

నిలబడ్డాను. ఏం చేయను? బానెట్టు పక్కన, ఘాటులో, అర్ధరాత్రి కాబోతుండగా, పమిట ఆయన చేతిలో, నేను దాని ఈ కొసన. పోయేవచ్చే లారీల వాళ్లు ఏమనుకున్నారో ఆ మొగిలీశ్వరుడికే తెలియాలి. పది నిమిషాలు తుడిచి, ఊది, మూత పెట్టి తాళం తిప్పితే బండి కదిలింది. ఆ చెంగు మీది మసి ఈనాటికీ పోలేదు. ఇంకెవరి చేతా ఇంజను కడిగించనని ఆయన ఆ రాత్రి ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టూ పోలేదు.

2023 జూన్ నెలలో ఒక తెల్లవారుజామున మా వారికి పక్షవాతం వచ్చింది. వేలూరు తీసుకెళ్లాం. మనిషి దక్కారు. కుడి చెయ్యి మాత్రం సరిగా పట్టు లేదు, నడకకు కర్ర కావాలి. అవన్నీ ఒక ఎత్తు. మాట పోయింది. పోయిందంటే పూర్తిగా కాదు. తెలుస్తుంది, చెప్పాలనీ ఉంటుంది, కావలసిన మాట నోటికి రాదు. మంచినీళ్లు కావాలంటే "చాప" అనేవారు. తప్పు చెప్పానని ఆయనకే తెలిసేది. కళ్లు ఎర్రబడేవి. ఆ తరవాత నోరు మూసుకుని కూచోవడం అలవాటు చేసుకున్నారు.

రోజూ చూసే వస్తువులు చూపించి పేర్లు చెప్పించమన్నారు డాక్టరుగారు. గ్లాసు చూపించాను. చెంచా చూపించాను. దువ్వెన చూపించాను. పదో తరగతి పిల్లలకు ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషి ముందు గ్లాసు పట్టుకుని "ఇదేమిటండీ?" అని అడిగితే ఆయనకెలా ఉంటుందో నాకు తట్టలేదు. మూడోరోజు మొహం గోడవైపు తిప్పుకున్నారు. దువ్వెన అక్కడే పెట్టేశాను.

మా అమ్మాయి ఫోనులో, "నాన్న నీ పేరు చెబుతున్నారా అమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆయన నన్ను పేరుపెట్టి పిలిచిందెప్పుడు గనక? పెళ్లయిన కొత్తలో "ఇదిగో" అనేవారు. పిల్లలు పుట్టాక "ఏమే" అయింది. మనవలు వచ్చాక దగ్గితే చాలు, పలికేదాన్ని. నలభై ఏళ్లలో వినని పేరు మరిచిపోయారో, గుర్తుందో ఎలా తెలుస్తుంది చెప్పండి?

కారు వేపచెట్టు కింద గుడ్డ కప్పుకుని పడి ఉంది. బెంగుళూరు నుంచి మావాడు వచ్చినప్పుడు ఊళ్లో ఒక చుట్టు తిప్పి తెచ్చి పెట్టేవాడు. ఆయన రోజూ పొద్దున వసారాలో కుర్చీ వేసుకుని దానివైపే చూస్తూ కూచునేవారు. ఆ ఏడు ఆయుధపూజకు మొదటిసారి బానెట్టు ఎత్తలేదు. గుడ్డ మీదే ఇంత కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ముగించేశాం.

ఈలోగా డిసెంబరు వస్తోంది. కారుకు పదిహేనేళ్లు నిండినప్పుడు, అంటే 2013లో, ఒకసారి రిజిస్ట్రేషను పొడిగించారు. అప్పటినుంచి అయిదేళ్లకొకసారి. ఇప్పుడు మళ్లీ బండి చూపించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌కు ముందు దానికి రుసుము రూ.600. 2023 నాటికి రూ.5,000. మావాడు ఈ లెక్కలన్నీ కట్టి, "ఎందుకమ్మా, తుక్కుకిచ్చేద్దాం. 2021లోనే దానికి పాలసీ వచ్చింది. అసలు మారుతి 800 తయారు చేయడమే 2014 జనవరిలో ఆపేశారు. నాన్న ఇంక నడుపుతారా ఏమన్నానా?" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. అయితే ఆ మాట వసారా దాకా వినిపించింది. కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి లోపలికెళ్లి పడుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కారు మీద ప్రేమ పొంగి కాదు. దాని మీద నాకున్నది సవతి ప్రేమ. కానీ రేపు ఆ చెట్టు కింద ఖాళీ అయితే ఈయన కుర్చీ వేసుకుని దేన్ని చూస్తారు?

కార్తీకమాసం. పలమనేరు సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది, ఆ నెలలో తెల్లవారితే పొగమంచు. ఆదివారం ఏడు గంటలకు కొంగు బిగించి, కారు గుడ్డ లాగేశాను. తిరిగి చూస్తే మా వారు వసారాలో నిటారుగా కూచున్నారు.

ముందు బానెట్టు ఎత్తడమే గండం. లోపల ఒక మీట లాగాలి. తరవాత సందులో వేళ్లు పెట్టి ఇంకో కొక్కెం తప్పించాలి. రెండోది దొరక్క పది నిమిషాలు బానెట్టు తడుముతుంటే, ఆయనే కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఎడమ చేత్తో నా వేళ్లు పట్టుకుని అక్కడ పెట్టారు. టక్కుమంది. ఎత్తి ఊచ నిలబెట్టాను. లోపల చూసి, "అమ్మో" అన్నాను.

ఎలుక కాపురం పెట్టింది. శనక్కాయ పొట్టు, న్యూసుపేపరు తురుము, దూది, వీటన్నిటి మధ్యా నెల కింద కనబడకుండా పోయిన నా జాకెట్టు గుడ్డ ముక్క. తీగలు కొరకలేదు, అదొక్కటే అదృష్టం. చీపురుపుల్లలతో ఆ సంసారాన్ని పెళ్లగించి పారేశాను. పక్కింటి ఆవిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏందక్కా, ఇంజనుకు నలుగు పెడతా ఉండారా?" అంది.

"ఊఁ, నువ్వొచ్చి పాట పాడు" అన్నాను.

బ్యాటరీ వైరు ముందు విప్పాలని మాత్రం నాకు తెలుసు, ఆయన చేస్తుండగా చూశాను. పెట్టెలోంచి చేతికందిన స్పానరు తీసి బోల్టుకు తగిలించాను. జారింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. మూడోసారి పెడుతుంటే వెనకనుంచి వినిపించింది.

"పది!"

ఉలిక్కిపడి చూశాను. ఆయన ఎడమ చెయ్యి పెట్టె వైపు చూపిస్తోంది. "పది" అన్నారు మళ్లీ, విసుగ్గా. నా చేతిలో ఉన్నది పన్నెండో నంబరు స్పానరు.

అయిదు నెలల్లో ఆయన నోట తడబడకుండా వచ్చిన మొదటి మాట అది. నేను ఏడవలేదు. ఏడిస్తే మళ్లీ గోడవైపు తిరుగుతారని భయం. "పదేనా? సరే" అని పది తీసుకున్నాను. వేరే వైరు మీద పెట్టబోయాను. "ఊహూఁ" అని తల అడ్డంగా ఊపారు. విప్పేటప్పుడు నెగటివు ముందు, బిగించేటప్పుడు అది చివర. లేకపోతే స్పానరు బండి రేకుకు తగిలి నిప్పులు రాలుతాయి. ఇదంతా ఆయన చెప్పలేదు, వేళ్లతో చూపించారు. నేను మాత్రం, చివర వచ్చి ముందు వెళ్లిపోయే మా ఆడపడుచుని తలుచుకుని గుర్తుపెట్టుకున్నాను.

బ్యాటరీ కొసల మీద తెల్లగా పువ్వు పూసినట్టు పొడి పేరుకుని ఉంది. ఏ బ్యాటరీకైనా అది మామూలేనట. తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో మొదలైన కంపెనీ బ్యాటరీ అది. ఒకప్పుడు మా జిల్లాదేనని మా వారు దాన్ని సొంత చుట్టంలా చూసుకుంటారు. నాకు ఉపాయం తోచింది. వంటసోడా నీళ్లలో కలిపి బ్రష్షుతో రాశాను. బుసబుసా పొంగింది, బజ్జీల పిండిలో కూడా అంత పొంగు నేనెరగను. ఆమ్లానికి క్షారం విరుగుడు కదా, ఆయన పాఠం వంటింట్లోకి వినిపిస్తూనే ఉండేది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి దిగకూడదు, అదొక్కటే జాగ్రత్త. తుడిచి, పొడిగా అయ్యాక వేజలీను రాశాను. ఆయన కళ్లలో, నేను పరీక్ష పాసయినట్టు ఒక చూపు.

అక్కడనుంచి పని నాది, పేర్లు ఆయనవి. తడి తగలకూడనివాటికి పాల ప్యాకెట్ల కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశాను. నేను ఒక్కొక్క దాని మీద చెయ్యి పెట్టి ఆగుతాను. ఆయన కళ్లు మూసుకుంటారు. పెదవులు కదులుతాయి. "ఆల్... ఆల్టర్నేటరు." కవరు. "కార్బొరేటరు." ఇది మాత్రం గడగడా. మంచినీళ్లు అనలేని మనిషి కార్బొరేటరు అన్నారు! డిస్ట్రిబ్యూటరు దగ్గర చాలాసేపు ఆగాల్సొచ్చింది. డి అన్నారు, డిస్ అన్నారు, కర్రతో నేలకేసి కొట్టారు. నేను నా పమిట చెంగు పట్టుకుని చూపించాను. మొహం విప్పారింది. "డిస్ట్రి-బ్యూ-టరు" అని నవ్వారు. సగం మొహమే నవ్వింది, అయితేనేం.

ఇక తోమడం. అది నాకెవరూ నేర్పక్కర్లేదు. ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి, వేడి పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ముందు పొడిబ్రష్షుతో దుమ్ము దులపాలి, తడి తగిలితే దుమ్ము బురదవుతుంది. జిడ్డున్న చోట గిన్నెలు తోమే సబ్బునీళ్లు రాసి నాననివ్వాలి. కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతుంది? నానాక గోడలకు సున్నం వేసే చిన్న కుంచె, సందుల్లోకి టూత్ బ్రష్షు. కడగడానికి మాత్రం గొట్టం, బకెట్టు కాదు. ఇస్త్రీకి నీళ్లు చల్లే స్ప్రే డబ్బాతో చల్లి, గుడ్డతో ఒత్తి, మళ్లీ చల్లి, మళ్లీ ఒత్తడమే. గుడ్డ నా చీరే, ఈసారి నేనే చించాను. ఊడదీసిన మరలూ బోల్టులూ మా పలమనేరు కుమ్మరుల మట్టిమూకుడులో వేశాను. అలా వేయడం ఆయనకు నచ్చింది, ఆయన ఎప్పుడూ జేబులో వేసుకుని సగం పారేసేవారు.

రేడియేటరు మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. అది వేడిగా ఉండగా ముట్టుకోకూడదని నాకు ఘాటు లారీల నుంచి తెలుసు. అది కుక్కరు వెయిటులాంటిదని ఆయనే చెప్పారు ఒకప్పుడు. లోపల ఒత్తిడి పెంచి నీళ్లు త్వరగా మరగకుండా చూస్తుందట. చల్లగా ఉందిగా అంటే, అయినా సరే వద్దన్నట్టు తల ఊపారు. నమ్మకం ఇంకా పూర్తిగా కుదరలేదన్నమాట.

లోపలి రేకు తుడుస్తుంటే ఒకచోట ఎర్రగా మరక కనిపించింది. తుప్పనుకుని గట్టిగా రుద్దబోయాను. ఆయన ఎడమ చెయ్యి నా మణికట్టు మీద పడింది. చూస్తే కుంకుమ. కాణిపాకం కుంకుమ. పాతికేళ్లుగా నెలనెలా ఇంజనంతా తోమిన మనిషి, ఆ అంగుళం మేర తప్పించి తోముతూ వచ్చారు. నేనూ చుట్టూ తుడిచి దాన్ని వదిలేశాను.

రెండు గంటలకు ఆయన అన్నం తిని పడుకున్నారు. నా పని మాత్రం అవలేదు. మావాడు ఎప్పుడో తెచ్చిపెట్టిన సీసా ఒకటుంది, ఇంజను డ్రెస్సింగు. డ్రెస్సింగంటే దెబ్బకు కట్టే కట్టనుకుని దాన్ని మందుల అలమారలో పెట్టాను ఇన్నాళ్లూ. నల్ల ప్లాస్టిక్కుకీ రబ్బరు గొట్టాలకీ రాస్తే తెల్లబారినవి మళ్లీ నల్లగా నిగనిగలాడతాయి. గుడ్డ మీద కొంచెం వేసి పలచగా రాయాలి, తడితడిగా రాస్తే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. రాస్తూ పోయాను. నిజం చెప్పాలంటే మోజు పట్టుకుంది. ప్రతి గొట్టమూ కొత్త పెళ్లికూతురి జడలా ఉంది. ఒక్క బెల్టు మాత్రం వెలవెలబోతూ కనిపించింది. సీసా అయిపోయింది. కొబ్బరినూనె ఉందిగా, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, దానికీ రాసేశాను.

తెలిసినవాళ్లు నవ్వకండి.

మర్నాడు పొద్దున కవర్లన్నీ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి తీసేసి, బ్యాటరీ వైర్లు పాజిటివు ముందు, నెగటివు తరవాత బిగించి, ఆయన కర్రతో గేరు తట్టి చూపిస్తే అది న్యూట్రలులో పెట్టి, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి కారు తాళం తిప్పాను. రెండుసార్లు మూలిగి అందుకుంది. మరుక్షణం ఒక కేక. మా వీధి వీధంతా వినిపించేలా, గొంతు కోస్తున్నట్టు కీచుమని. నేను కారులోంచి దూకేసి తులసికోట వెనక్కి పరిగెత్తాను.

ఆయన మాత్రం కదల్లేదు. బానెట్టు మీదికి వంగి చూశారు. ముక్కు ఎగబీల్చారు. కర్ర ఎత్తి కేకేశారు.

"ఆపు! పెట్రోలు! ఆపు!"

వెళ్లి తాళం తిప్పేశాను. చూపించారు. నేను నల్లగా మెరిపించిన సన్నటి రబ్బరు గొట్టం మొదట్లో, ముత్యంలా ఒక చుక్క. చూస్తుండగా రెండోది. వేలితో తడిమితే గొట్టం ఒంపులో మా అత్తగారి మడమల్లా పగుళ్లు. నిన్న మీద పడి రుద్దినదాన్ని, మసిలో నాకు కనబడలేదు. మసి పోయాక చుక్క కనబడింది. ఆ కింద వేడెక్కే ఇనుము. మావాడు ఈ బండిలో మనవల్ని ఎక్కించుకుని రెండు వారాల కిందటే మార్కెట్టు దాకా వెళ్లొచ్చాడు. ఆ ఆలోచన వచ్చి నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను.

మెకానిక్ కుర్రాడొచ్చి గొట్టం మార్చాడు. బెల్టు వేలితో తాకి, వాసన చూసి, నా మొహం చూశాడు. "ఏంది పెద్దమ్మా, బెల్టుకు తలంటు పోసినారా? అది పట్టు మీద తిరిగేది. నూనె తగిలితే జారతాది, జారితే అరస్తాది. ఇంక ఇది పనికిరాదు" అన్నాడు. ఫ్యాను బెల్టని దాని పేరు. ఈ బండిలో ఫ్యానేమో కరెంటుతో తిరుగుతుందట, బెల్టు తిప్పేది ఆల్టర్నేటరునీ నీళ్ల పంపునీ. పేరు మాత్రం ఫ్యాను బెల్టే. మావారు ఈ సంభాషణంతా వింటూ భుజాలు కదిలేలా నవ్వారు. ఆరునెలలకు ఆ నవ్వు. బెల్టు ఖరీదు నేను ఆయన్ని అడగలేదు, ఆయన నన్ను అడగలేదు.

డిసెంబరులో బండిని చూపించడానికి తీసుకెళ్లాం. ఆ మెకానిక్ కుర్రాడే నడిపాడు. మా వారు ముందు సీట్లో, ఇస్త్రీ చొక్కా వేసుకుని. నేను వెనక. మా ఊళ్లో ఇప్పటికీ ఆ అధికారిని బ్రేకు ఇన్‌స్పెక్టరనే అంటారు. ఆయన లైట్లు చూశారు, హారను కొట్టించారు, వైపర్లు ఆడించారు, బ్రేకు వేయించి చూశారు. బానెట్టు ఎత్తమన్నారు. నా గుండె దడదడలాడింది. పదోతరగతి ఫలితాలకు కూడా అంత కంగారు పడలేదు. వంగారు. షాసీ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, అచ్చు తీసుకుని లేచారు. అంతే! ఆ నిగనిగల వైపు కన్నెత్తి చూడలేదు. చేతికి మసి అంటలేదన్న సంగతైనా గమనించలేదు. మా పనిమనిషి రాని రోజున ఇల్లంతా నేనే తుడిచినప్పుడు కూడా మా ఇంట్లో సరిగ్గా ఇంతే గుర్తింపు.

కాగితాలు తిరగేస్తూ, "బండి ఓనరెవరండీ?" అన్నారు.

నేను ముందుకు వంగి చెప్పబోయాను. అంతలో మా వారు కిటికీలోంచి మొహం బయటపెట్టారు. కళ్లు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. మెకానిక్ కుర్రాడు అందించబోతే చేత్తో వారించారు. ఇన్‌స్పెక్టరుగారు మంచివారు, పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డారు.

చెప్పారు. నా పేరు. నాలుగక్షరాలు, ఒత్తు కూడా తప్పలేదు. పెళ్లిపీటల మీద పురోహితుడు చెప్పిస్తే చెప్పారేమో, ఆ తరవాత నేను వినడం అదే.

ఇన్‌స్పెక్టరుగారు కాగితంతో సరిపోల్చుకుని "కరెక్టే" అని సంతకం పెట్టేశారు.

దారిపొడుగునా నేను ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి, కుర్రాడు వెళ్లిపోయాక, చెట్టు కింద కారు పక్కన నిలబడి, "ఏమండీ, అక్కడ ఏదో అన్నారే, మళ్లీ ఒకసారి అనండి" అన్నాను.

ఆయన నావైపు చూశారు. బానెట్టు వైపు చూశారు. ఆలోచించారు.

"పదో నంబరు స్పానరు" అన్నారు.